మొక్కకు డబ్బులు ఎప్పుడివ్వాలి?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు బిల్లింగు అప్పగించారు. కాంట్రాక్టరు చేసిన పనిని టేపు పట్టి కొలవడం, కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో ఎక్కించడం, బిల్లు తయారుచేసి పైకి పంపడం. ఒక హైవే పని చివరి బిల్లులో మొక్కల లెక్క వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా మొక్కలు నాటారట, వెళ్లి లెక్కపెట్టి రమ్మన్నారు. జీపులో నేనూ, కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరూ. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ వేళ్లు మడుస్తున్నాడు. కొన్ని గుంతల్లో మొక్క ఉంది. కొన్నింట్లో పుల్ల లాంటిది ఉంది, దాని కొసన రెండు వాడిన ఆకులు. "ఇది కూడా మొక్కేనా?" అన్నాను. "నాటినప్పుడు మొక్కే కదా సార్" అన్నాడు.

కాదనలేకపోయాను. ఎందుకంటే ఒప్పందంలో ఆ ఐటమ్ అలాగే ఉంది: గుంత తీసి, ఎరువు వేసి, మొక్క తెచ్చి నాటుట, ఒక్కొక్కటికి ఇంత. బతికించుట అని ఎక్కడా లేదు. పుల్లలతో సహా ఎం-బుక్‌లో ఎక్కించి సంతకం పెట్టాను. మరుసటి ఎండాకాలం అటుగా వెళ్తే గుంతలు కూడా పూడిపోయి ఉన్నాయి. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. మేం నాటడాన్ని కొన్నాం, చెట్టును కొనలేదు. అంతే తేడా.

హైవేలు, పర్యావరణం అనగానే మాట్లాడేవాళ్లు రెండు రకాలు కనిపిస్తారు. కఠినమైన చట్టాలు కావాలనేవాళ్లు, కొత్త టెక్నాలజీ రావాలనేవాళ్లు. ఇద్దరితోనూ నాకు పేచీ లేదు. కానీ ఇన్నేళ్లు కాంట్రాక్టు కాగితాల మధ్య గడిపాక నాకు అర్థమైంది వేరు. రోడ్డు పనిలో పర్యావరణం గెలిచేదీ ఓడేదీ చాలావరకు చెల్లింపు షరతుల దగ్గరే. దేన్ని కొలుస్తున్నాం, దేనికి డబ్బులిస్తున్నాం, ఎప్పుడిస్తున్నాం. ఈ మూడూ సరిగ్గా లేకపోతే పర్యావరణ నిర్వహణ ప్రణాళిక అని అట్ట మీద రాసుకున్న ఆ లావుపాటి పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

టెండరు కాగితాలు చేతికొచ్చాక కాంట్రాక్టరు ఆఫీసులో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మొదట తెరిచేది బీఓక్యూ, అంటే ఏ పని ఎంత పరిమాణంలో, ఏ రేటుకి అన్న జాబితా. తర్వాత చెల్లింపు షరతులు, ఆలస్యానికి జరిమానాలు. ఆ తర్వాత స్పెసిఫికేషన్లు, అంటే ఏ సరుకుతో ఎలా చేయాలో చెప్పే నియమాలు. పర్యావరణ అధ్యాయం దాకా వచ్చేసరికి రేట్లు వేయడం అయిపోయి ఉంటుంది. అందులోని ప్రతి వాక్యమూ "కాంట్రాక్టరు తగు జాగ్రత్తలు తీసుకోవలెను" అని ముగుస్తుంది. తగు అంటే ఎంత? తీసుకోకపోతే ఏమిటి? దానికి జవాబు ఉండదు కాబట్టి దానికి రేటూ ఉండదు.

ఒప్పందంలో ఒక్క షరతు మనుషుల్ని ఎంత పరుగులు పెట్టించగలదో చూడాలంటే 1994 నాటి కాలిఫోర్నియాకు వెళ్లాలి. ఆ ఏడాది జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చి లాస్ ఏంజెలిస్‌లోని శాంటా మోనికా ఫ్రీవే మీద వంతెనలు కూలిపోయాయి. తిరిగి కట్టే పనిలో రాష్ట్ర రవాణా శాఖ ఒక షరతు పెట్టింది. గడువు కంటే ఒక్కో రోజు ముందు పూర్తిచేస్తే 2 లక్షల డాలర్ల బోనస్, ఒక్కో రోజు ఆలస్యమైతే అంతే జరిమానా. సి.సి. మయర్స్ అనే సంస్థ రాత్రింబవళ్లు పని చేయించి 74 రోజులు ముందే పూర్తిచేసింది. బోనస్ దాదాపు కోటీ 48 లక్షల డాలర్లు, అంటే సుమారు కాంట్రాక్టు విలువంత. చట్టం మారలేదు, కొత్త యంత్రం ఏదీ కనిపెట్టలేదు. రోజుకు ఒక ధర కట్టారు.

అదే పద్ధతిని ఇంకొంచెం చక్కగా వాడే టెండర్లు కూడా ఉన్నాయి. ఏ ప్లస్ బి అంటారు. కాంట్రాక్టరు అడిగిన ధర ఏ. పనికి పట్టే రోజుల్ని, రోడ్డు మూసేసినందుకు జనానికి రోజుకయ్యే నష్టంతో గుణిస్తే వచ్చేది బి. రెండూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లకు పని. కాంట్రాక్టరుకు చెల్లించేది మాత్రం ఏ ఒక్కటే. బి అనేది పోటీలో పోల్చుకోవడానికి వేసిన లెక్క. ఈ కిటుకు నాకు చాలా ఇష్టం. మనకు విలువైనదాన్ని డబ్బు లెక్కలోకి మార్చి త్రాసులో వేస్తే, కాంట్రాక్టరు తన తెలివినంతా అటువైపు తిప్పుతాడు. రోజులకు చేయగలిగినదాన్ని కార్బన్‌కు ఎందుకు చేయకూడదు?

నెదర్లాండ్స్ చేసింది సరిగ్గా ఇదే. అక్కడి జాతీయ రహదారుల, జలమార్గాల సంస్థ రైక్స్‌వాటర్‌స్టాట్ పెద్ద టెండర్లలో డుబోకాల్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంది. కాంట్రాక్టరు తన డిజైన్‌లో ఎంత తారు, ఎంత కాంక్రీటు, ఎంత ఉక్కు వాడతాడో, ఎంత దూరం నుంచి తెస్తాడో అందులో ఎక్కిస్తే, ఆ పదార్థాలు పుట్టినప్పటినుంచి పారేసేదాకా కలిగించే నష్టాలన్నీ కలిపి యూరోల్లో ఒకే అంకె వస్తుంది. ఆ అంకె ఎంత తక్కువైతే, పోల్చేటప్పుడు అతని ధరలోంచి అంత తగ్గిస్తారు. ఒకరు 100 అడిగారు, మరొకరు 103 అడిగారు అనుకుందాం. రెండో వాడి పర్యావరణ లెక్క బాగుండి 5 తగ్గిస్తే అతను 98 కింద లెక్క. పని అతనికే, చెల్లించేది మాత్రం 103. ఏ రకం సిమెంటు వాడాలో, ఏ క్వారీ నుంచి కంకర తేవాలో సంస్థ చెప్పదు. అది కాంట్రాక్టరు తలనొప్పి. అతని చేతిలో ఉన్నవీ అవే.

అక్కడి రైల్వే మౌలిక వసతుల సంస్థ ప్రోరైల్ 2009లో మొదలుపెట్టిన సీఓటూ పెర్ఫార్మెన్స్ ల్యాడర్, అంటే కార్బన్ తగ్గింపును బట్టి కంపెనీలకు ఇచ్చే మెట్ల వరస, కూడా ఇలాంటిదే, కాకపోతే అది ఒక్కో పనిని కాక మొత్తం కంపెనీని చూస్తుంది. సొంత ఉద్గారాలు లెక్కగట్టుకుని తగ్గించుకునే కంపెనీ ఎంత పై మెట్టు ఎక్కితే టెండరులో ధరలు పోల్చేటప్పుడు అంత కల్పిత రాయితీ. తర్వాత రోడ్ల టెండర్లలోకీ వచ్చింది.

మార్కులు వేసి సరిపెట్టే పద్ధతి మీద మాత్రం నాకు అనుమానమే. నార్వేలో 2024 జనవరి నుంచి ప్రభుత్వ కొనుగోళ్లలో పర్యావరణానికి కనీసం 30 శాతం వెయిటేజీ ఇవ్వాలన్నది నియమం. దానికి మినహాయింపులున్నాయి, అది వేరే కథ. 30 శాతం అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ టెండర్లు మూల్యాంకనం చేసే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. అందరూ మంచి కన్సల్టెంటు చేత అందమైన నివేదిక రాయించుకొస్తే అందరికీ 28, 29 మార్కులే పడతాయి. అప్పుడు 30 శాతం వెయిటేజీ ఉన్నా లేనట్టే, మళ్లీ ధర దగ్గరే తేలుతుంది. వెయిటేజీ ఎంతన్నది కాదు, మంచివాడికీ మామూలువాడికీ మధ్య తేడా ఎంత వస్తుందన్నదే అసలు లెక్క. తేడా రావాలంటే కొలవగలిగిన అంకె ఉండాలి. టన్నులు, లీటర్లు, కిలోమీటర్లు. పేజీలు కాదు.

ఇంతవరకు పని ఎవరికివ్వాలన్న సంగతి. ఇచ్చాక మొదలయ్యేది ఇంకా ముఖ్యం, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

రోడ్డు పనుల్లో చాలావరకు పరిమాణాన్ని బట్టి చెల్లిస్తారు. క్యూబిక్ మీటరు మట్టికి ఇంత, టన్ను తారు మిశ్రమానికి ఇంత. దీని అర్థం ఏమిటి? ఎక్కువ వాడితే ఎక్కువ డబ్బు. కంకరను దూరం నుంచి తెస్తే లీడు చార్జీలు, అంటే మోసుకొచ్చిన దూరానికి ఇచ్చే డబ్బు, అదనం. కాంట్రాక్టరు తెలివిగా ఆలోచించి దగ్గర్లో దొరికే పదార్థంతో పని కానిస్తే అతని బిల్లు తగ్గుతుంది. పొదుపు చేసినవాడికి శిక్ష, దుబారా చేసినవాడికి జీతం. పర్యావరణానికి ఇంతకంటే అడ్డంగా ఉండే ఏర్పాటు కావాలని చేసినా కుదరదేమో.

ఒక సంగతి చెప్తాను. పాత రోడ్డు పై పొరను మిల్లింగు యంత్రంతో చెక్కి తీసేసే పని. చెక్కితే వచ్చేది వ్యర్థం కాదు, మంచి కంకర, దాని చుట్టూ ఇంకా జిగురున్న తారు. తిరిగి వేడిచేసి కొత్త మిశ్రమంలో కలిపితే అంత కొత్త కంకర, అంత కొత్త తారు మిగులుతాయి. కాంట్రాక్టరు ఇంజనీరు నా దగ్గరికొచ్చి కింది పొరలో దీన్ని కలుపుతామన్నాడు. కుర్రాడు, చాలా ఉత్సాహంగా ఉన్నాడు, ల్యాబ్ ఫలితాలు కూడా తెచ్చాడు. స్పెసిఫికేషన్‌లో మాత్రం "కొత్త కంకర" అని ఉంది. లేఖ పైకి పంపాం. పైనుంచి ప్రశ్నలొచ్చాయి, జవాబులు పంపాం, మళ్లీ ప్రశ్నలు. నాలుగు నెలలు గడిచాయి. పైగా ఆదా అయిన డబ్బంతా మాకే చెందాలని మా వాళ్లు పట్టుబట్టారు. ఆ కుర్రాడు ఇక అడగడం మానేశాడు. చెక్కిన సరుకంతా టిప్పర్లలో వెళ్లి ఒక గుంటలో పడింది. గుంట పూడ్చడానికి కూడా బీఓక్యూలో రేటు ఉంది మరి.

ఆ ఒప్పందంలో రెండు మాటలు ఉంటే కథ వేరేగా ఉండేది. ఒకటి, "కొత్త కంకర" బదులు ఆ పొర ఎంత గట్టిగా ఉండాలో, ఎంత బరువు మోయాలో చెప్పడం. రెండోది, వేల్యూ ఇంజనీరింగ్ క్లాజు, అంటే కాంట్రాక్టరు మంచి మార్గం చూపి డబ్బు మిగిల్చితే మిగిలినదాన్ని ఇద్దరూ పంచుకోవడం. అమెరికా హైవే పనుల్లో సగం సగం పంచుకోవడం మామూలే. దానికి తోడు, ఇన్ని రోజుల్లో ఇంజనీరు జవాబివ్వాలన్న గడువు కూడా ఉండాలి. ఆ కుర్రాడిని ఓడించింది లేదన్న జవాబు కాదు, జవాబు రాకపోవడం.

స్పెసిఫికేషన్ పుస్తకాల్లో ఇలాంటి అడ్డుకట్టలు ఎన్నో దాక్కుని ఉంటాయి. కాంక్రీటునే తీసుకోండి. ప్రపంచం మొత్తం విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం దాకా ఉంటుంది. అందులోనూ ఎక్కువ భాగం బట్టీలో కాల్చే ఇంధనం వల్ల కాదు, సున్నపురాయి విడిపోవడం వల్లే. కాబట్టి మన చేతిలో ఉన్న దారి సిమెంటు తక్కువ వాడటం. దాని చోట ఉక్కు కర్మాగారాల స్లాగ్, బొగ్గు కేంద్రాల బూడిద కలపొచ్చు. ఇవి కలిపిన కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుంది, కానీ చివరికి బాగా గట్టిపడుతుంది. ఒప్పందం మాత్రం 28వ రోజు కాంక్రీటు నమూనా క్యూబును పగలగొట్టి చూస్తానంటుంది. ఆ పరీక్షలో నెగ్గడానికి కాంట్రాక్టరు భయపడి సిమెంటు ఎక్కువ వేస్తాడు. వంతెన పునాది మీద పూర్తి భారం పడేది ఏడాది తర్వాత. అలాంటి భాగాలకు 28 బదులు 56 లేదా 90 రోజుల బలం అడగొచ్చు. మార్చేది ఒకే అంకె, ఎంతో సిమెంటు మిగులుతుంది. దీనికి ఏ టెక్నాలజీ కావాలి చెప్పండి?

తారు మిశ్రమంలోనూ ఇదే తంతు. మామూలు హాట్ మిక్స్‌ను 150 డిగ్రీలు, ఆపైన వేడితో తయారుచేస్తారు. వార్మ్ మిక్స్ అయితే 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడితో అయిపోతుంది. ఇంధనం ఆదా, రోడ్డు మీద పారలు పట్టుకుని నిలబడే కూలీలకు పొగ కూడా తక్కువ. "మిశ్రమం ఉష్ణోగ్రత ఇంతకు తగ్గరాదు" అని పాత పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యం దాన్ని గేటు దగ్గరే ఆపేస్తుంది.

అన్నింటికీ క్లాజు అక్కర్లేదని కూడా చెప్పాలి. తడిసిన కంకరను ఆరబెట్టడానికి ప్లాంటులో డీజిలో గ్యాసో చాలా ఖర్చవుతుంది. కంకర కుప్పల మీద రేకుల షెడ్డు వేస్తే ఆ ఖర్చు తగ్గుతుంది, ఆ లాభం నేరుగా కాంట్రాక్టరు జేబులోకే. అందుకే తెలివైనవాళ్లు ఎవరూ చెప్పకుండానే షెడ్డు వేసుకుంటారు. లాభం ఒకడిది, ఖర్చు ఇంకొకడిది అయిన చోటే ఒప్పందం మధ్యలోకి రావాలి.

అలాంటి చోటు మట్టి కోత. వానాకాలంలో మట్టి పనులు జరిగే హైవే పక్కన వాగును చూస్తే తెలుస్తుంది, ఎర్రగా బురద పారుతుంటుంది. దాన్ని ఆపడానికి సిల్ట్ ఫెన్స్ అని గుడ్డతో కంచె కడతారు. నీళ్లు వడగట్టి వదిలి మట్టిని ఆపాలన్నది దాని ఉద్దేశం. చాలా ఒప్పందాల్లో దీనికి విడిగా రేటు ఉండదు, "ధరల్లో కలిసే ఉన్నట్టు భావించాలి" అని ఉంటుంది. భావించడం వరకే. కొన్నింట్లో మీటరుకు ఇంత అని ఉంటుంది, అదీ కట్టినందుకే. మొదటి వానకే కంచె వెనక మట్టి సగం ఎత్తు దాకా చేరుతుంది. అప్పుడు ఎత్తి పోయకపోతే రెండో వానకు బరువుకి గుంజలు వంగి, గుడ్డ చిరిగి, ఆగిన మట్టంతా ఒక్కసారే వాగులోకి పోతుంది. అసలు కంచె లేకపోయినా అంత నష్టం జరిగేది కాదేమో. అయినా బిల్లు ఎప్పుడో అయిపోయింది. నేనైతే మూడు ఐటమ్‌లుగా విడగొడతాను: కట్టడానికి కొంత, ప్రతి వాన తర్వాత శుభ్రం చేయడానికి కొంత, వాగు నీటిలో బురద పరిమితి దాటని ప్రతి నెలకూ కొంత. మూడోదే పెద్ద మొత్తంగా ఉండాలి.

ఇలా ఒప్పందంలోనే పర్యావరణానికి ధర కట్టాలంటే ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఖర్చు పెరుగుతుందని. కొన్నిచోట్ల పెరుగుతుంది, నిజమే. పైన చెప్పినవాటిలో సిమెంటు తగ్గించడం, పాత తారు వాడటం, దూరం తగ్గించడం అన్నీ ఖర్చు తగ్గించేవే కాబట్టి దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదనుకుంటాను.

రెండో అభ్యంతరం గట్టిది. ఈ లెక్కలన్నీ చేయడానికి చిన్న కాంట్రాక్టర్ల దగ్గర మనుషులుండరు, పనులన్నీ పెద్ద కంపెనీలకే పోతాయి. ఈ మాట అన్నది ఒక చిన్న కాంట్రాక్టరే, నా ముఖం మీదే. "మీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేలోపు నా రోలర్లు తుప్పు పడతాయి సార్" అన్నాడు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. చిన్న పనుల్లో పెద్ద లెక్కలు అడగకూడదని మాత్రం అప్పటినుంచి అంటున్నాను. అక్కడ రెండు మూడు మామూలు కొలతలు చాలు: పనికి కాలిన డీజిల్ ఎంత, కంకర ఎంత దూరం నుంచి వచ్చింది, పాత సరుకు ఎంత తిరిగి వాడారు. ఇవి బిల్లుల్లో, వేబ్రిడ్జి చీటీల్లో ఎలాగూ ఉంటాయి.

మూడోది కాకిలెక్కల భయం. టెండరు వేసేటప్పుడు ఆకాశంలో అంకెలు చూపించి పని దక్కించుకుని తర్వాత మామూలుగా చేసుకుపోతే? ఇది జరిగి తీరుతుంది, ఆపకపోతే. అందుకే పోటీలో ఇచ్చిన అంకె ఒప్పందంలో షరతుగా మారాలి. పని చివర ప్లాంటు రికార్డులు, ఇన్‌వాయిస్‌లు పెట్టి మళ్లీ లెక్క కట్టాలి. మాట తప్పితే జరిమానా, టెండరులో పొందిన రాయితీ కంటే ఎక్కువ ఉండాలి. సమానంగా ఉంటే అది జరిమానా కాదు, వడ్డీలేని అప్పు.

ఏది జాబితాలో ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. కాలిఫోర్నియా 2017లో బై క్లీన్ చట్టం తెచ్చి, ప్రభుత్వ పనుల్లో వాడే కొన్ని పదార్థాలకు కార్బన్ పరిమితులు పెట్టింది. నిర్మాణ ఉక్కు, కాంక్రీటులో వేసే కడ్డీలు, గాజు, గోడల్లో వేడిని ఆపడానికి వాడే మినరల్ ఊల్. కాంక్రీటు మాత్రం ఆ జాబితాలో లేదు. కడ్డీకి లెక్క ఉంది, దాని చుట్టూ పోసేదానికి లేదు! మొదటి అడుగుగా మెచ్చుకోవాల్సిందే, కానీ రోడ్ల మనిషిగా చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నా మటుకు నాకు అన్నింటికన్నా పెద్ద పర్యావరణ షరతు ఎక్కువ కాలం బాధ్యత. మూడేళ్లకే గుంతలు పడి మళ్లీ వేయాల్సి వచ్చే రోడ్డు ఎంత పచ్చగా వేసినా దండగే, రెండోసారి వేయడంలో అంతా పోతుంది. 1990లలో అర్జెంటీనా క్రెమా అనే ఒప్పందాలు మొదలుపెట్టింది. రోడ్డును బాగుచేసినవాడే ఐదేళ్లు దాన్ని కాపాడాలి. చెల్లింపులో ఒక భాగం నెలనెలా, రోడ్డు పరిస్థితి చూసే. గుంత పడి గడువులోగా పూడ్చకపోతే కోత. అప్పటిదాకా నాసిరకం పొర వేసి బిల్లు తీసుకుపోవడం లాభసాటి. ఇక్కడ మాత్రం నాసిరకం వేస్తే తనే వచ్చి పూడ్చుకోవాలి. నీటి కాలువలు శుభ్రం చేయమని ఎవరూ గుర్తుచేయాల్సిన పని ఉండదు, నీళ్లు నిలిస్తే రోడ్డు పోతుందని కాంట్రాక్టరుకు మనకంటే బాగా తెలుసు.

ఒప్పందంతో కానిది కూడా ఒకటుంది. టెండరు పిలిచే నాటికి రోడ్డు ఎటునుంచి వెళ్లాలో తేలిపోయి ఉంటుంది. అడవి మధ్యలోంచి గీత గీసేశాక వార్మ్ మిక్స్ వేసినా, పాత కంకర కలిపినా ఆ అడవి రెండు ముక్కలే. అసలు ఆ రోడ్డు అవసరమా అన్న ప్రశ్నకు బీఓక్యూలో ఐటమ్ ఉండదు. ఒప్పందాల గురించి ఇంత మాట్లాడే నాలాంటివాళ్లు ఈ సంగతిని ఒక్కోసారి కావాలనే మరిచిపోతుంటాం.

మొక్కల దగ్గరికి వస్తే, చాలా ఏళ్ల తర్వాత ఒక ఒప్పందంలో ఆ ఐటమ్ రాసే అవకాశం నాకే వచ్చింది. నాటినప్పుడు 30 శాతం, మిగతా 70 శాతం మూడేళ్లలో, ఏటా బతికున్న మొక్కల్ని లెక్కపెట్టి. టెండర్లు వేసేముందు కాంట్రాక్టర్లతో జరిగే ప్రీబిడ్ మీటింగులో ఒకాయన లేచి, పశువులు తినేస్తే ఎవరి బాధ్యత అన్నాడు. మీదే అన్నాను. ఎండకు చస్తే? అదీ మీదే. బండి గుద్దితే? కాసేపు ఆలోచించి, అది మాది అన్నాను. ఆయన నోటుబుక్కులో రాసుకుని కూర్చున్నాడు. టెండర్లు తెరిచాక చూస్తే మొక్క రేటు పాతదానికి రెండింతలకు పైనే ఉంది. ఎందుకని ఆయన్నే అడిగాను. కంచె, నీళ్ల ట్యాంకరు, రెండేళ్ల వయసున్న మొక్క, అన్నీ కలిపి వేశానన్నాడు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా మా స్పెసిఫికేషన్‌లో రాసి లేదు.